హన్మంతు స్టిక్కర్ల పుస్తకం

గద్వాలలో ఎన్ని ఇళ్లకు కరెంటు పని చేశావని అడిగితే హన్మంతు నోటితో చెప్పడు. సంచిలోంచి లావుపాటి నోట్‌బుక్ ఒకటి తీసి చేతిలో పెడతాడు. దాని నిండా స్టిక్కర్లే. ఇరవై రెండేళ్లుగా తాను బిగించిన ప్రతి ఫ్యానుదీ, మోటారుదీ కంపెనీ స్టిక్కరు గోటితో ఒడుపుగా ఒలిచి, ఇంటివాళ్ల పేరు రాసి, దాని కింద అంటిస్తాడు. మానవపాడులో కూలికి పత్తి ఏరినవాళ్ల కొడుకు, పదో తరగతి తప్పినవాడు. సర్టిఫికెట్ అంటూ ఆయనకేదైనా ఉంటే అదే.

ఆ పుస్తకంలో ఎక్కువ పేజీలు వెంకటేశం, పద్మమ్మల ఇంటివి. వాళ్లది నేత ఇల్లు. మగ్గం మీద కూర్చునేది పద్మమ్మ, నూలూ పట్టూ బేరమాడి తెచ్చేది వెంకటేశం. పద్మమ్మ హన్మంతును నోరారా తమ్మీ అంటుంది. ఏటా దసరాకు మగ్గం పూజ చేసేటప్పుడు, పళ్లెంలో పోగు నేసే నాడె పక్కన హన్మంతు కటింగ్ ప్లేయర్ కూడా పెట్టించి దానికీ కుంకుమబొట్టు పెడుతుంది. వెలుతురు లేకుంటే నేత ఎక్కడిదని ఆమె మాట. సొంత మరుదులకు కూడా దక్కని మర్యాద అది. హన్మంతు దాన్ని తలుచుకుంటూ ఏడాది పొడుగునా ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

రెండేళ్ల కిందట పద్మమ్మకు మోకాళ్లు పట్టేశాయి. ఆమెది గుంట మగ్గం. కాళ్లు గుంటలోకి వేలాడదీసి కూర్చోవాలి. స్విచ్చుబోర్డేమో ఎదురు గోడకుంది. చీకటి పడితే లేవాలి, ఉక్కపోస్తే లేవాలి. అందుకని వెంకటేశం ఫోనుతో వెలిగే లైటొకటి, ఆర్నెల్లకు ఫోనుతో తిరిగే ఫ్యాను ఒకటి కొనుక్కొచ్చాడు. రెండూ బిగించింది హన్మంతే. తీరా చూస్తే లైటుకు ఒక యాప్, ఫ్యానుకు ఇంకో యాప్. దాని పాస్‌వర్డు దీనికి కుదరదు.

“చేతిల పట్టుపోగు పట్టుకోని ఫోన్ల ఏం ఎతకాలె తమ్మీ? ఒక్కతాన రెండు నడువయా?” అని అడిగింది పద్మమ్మ.

“రెండు కంపెనీలక్కా. ఒకదాని మాట ఒకటి వినది. గంతే” అన్నాడు హన్మంతు. ఆయనకు తెలిసింది అంతే. తెలియదని ఒప్పుకునే అలవాటు మాత్రం లేదు. పద్మమ్మ మళ్లీ గోడ దాకా నడవడం మొదలుపెట్టింది.

ఒకనాడు పొద్దున హన్మంతు ఆ ఇంటికి పోయేసరికి, ఎప్పుడూ తాను కూర్చునే స్టూలు మీద ఒక అమ్మాయి కూర్చుని, ఎప్పుడూ తనకిచ్చే స్టీలు గ్లాసులో చాయ్ తాగుతోంది. పేరు శ్రీవాణి. వనపర్తి పిల్ల, డిప్లొమా చదివింది, స్కూటీకి డ్రిల్లింగ్ మిషన్ తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. వెంకటేశమే పిలిచాడట. తనకు మాట మాత్రమైనా చెప్పకుండా! హన్మంతుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఇప్పుడు కంపెనీలన్ని కూసోని ఒక్క భాష ఒప్పుకున్నయి పెద్దమ్మా” అని చెబుతోంది శ్రీవాణి. “దాన్ని మ్యాటర్ అంటరు. ఆ గుర్తున్న వస్తువు ఏ కంపెనీదైనా సరే, పక్కదాని మాట వింటది. మీ లైటు, ఫ్యాను రెండూ గా గుర్తువే. ఇంట్ల ఒక చిన్న డబ్బా పెట్టి, మగ్గానికి ఈ బటన్ కొడ్త. ఒక్క నొక్కుకు రెండూ నడుస్తయి.”

వెంకటేశం తొడ చరిచాడు. “సమజైంది బిడ్డా! నూలు ఒకని కాడ, పట్టు ఇంకొకని కాడ, జరీ ఏడ్నో కొంటం. పోగుకు పోగు కలిసినంక చీర ఒక్కటే గద!”

“గట్లనే పెద్దనాన్నా. కని ఒక్కటే పరేషాన్. ఒక్కోదాని మీద స్టిక్కర్ ఉంటది, స్టిక్కర్ మీద పదకొండంకెలు. గవి కొడితెనే కలుస్తయి. వీటి మీద ఎవరో పీకేసిండ్రు.” హన్మంతు వైపు తిరిగింది. “అన్నా, మీరేమన్న చూసిండ్రా?”

చూడకపోవడమేమిటి! ఏ పేజీలో ఏ మూలన ఉన్నాయో కళ్లు మూసుకుని చెప్పగలడు. అన్నన్ని వస్తువుల మీద స్టిక్కర్లు పీకాడు గానీ, వాటిలో తాళంచెవి ఉంటుందని ఆయనకేం తెలుసు? ఇప్పుడు తెలిసింది. ఈ పిల్ల గెలుపూ ఓటమీ తన సంచి ముడిలోనే ఉన్నాయని కూడా తెలిసింది.

“పారేసిన” అన్నాడు.

ఆ అంకెలుండే అట్టపెట్టెలు ఎప్పుడో పాతసామాన్ల బండికి పోయాయి. కొత్త లైటూ ఫ్యానూ దసరా దాటాక చూద్దామన్నాడు వెంకటేశం. శ్రీవాణి బటను సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. హన్మంతు ఈలవేసుకుంటూ ఇంటికొచ్చి, నోట్‌బుక్‌ను సంచిలోంచి తీసి బట్టల కింద దాచాడు. ఆ సంతోషం ఆ పూటకే సరిపోయింది. అన్నం ముందు కూర్చుంటే ఆ అమ్మాయి చేతిలో తన గ్లాసే కనపడింది.

నాలుగు రోజులకు మీటరు చూసే వంకతో మళ్లీ పోయాడు. ఉదయమే మబ్బు పట్టి ఇంట్లో చీకటిగా ఉంది. పద్మమ్మ గుంటలోంచి లేస్తోంది. ఒక చెయ్యి మగ్గం కర్ర మీద, ఒక చెయ్యి మోకాలి మీద. లేచి, ఆగి, పళ్ల బిగువున రెండడుగులు వేసింది.

“ఆగక్కా, నేనేస్త” అని స్విచ్చు దగ్గరికి ఉరికాడు.

“ఇయ్యాల ఏస్తవ్. రోజొస్తవా తమ్మీ?” అంది. కోపంగా అనలేదు. మళ్లీ వెనక్కి తిరిగి గుంటలోకి దిగడం మొదలుపెట్టింది. దిగడం ఎక్కడం కంటే కష్టంగా ఉంది.

హన్మంతు ఇంటికి పోయి నోట్‌బుక్ తెచ్చాడు. అటక మీద దొరికిందని చెప్పాడు, ఎవరూ అడగకపోయినా. కబురందుకుని శ్రీవాణి వచ్చి, డబ్బా పెట్టి, మగ్గానికి బటను బిగించి, ఫోనులో అంకెలు కొట్టుకుంది. పావుగంట పట్టలేదు. పద్మమ్మ కూర్చున్న చోటి నుంచే బటను నొక్కింది. లైటూ ఫ్యానూ ఒక్కసారే లేచాయి. ఆమె చిన్నపిల్లలాగా మళ్లీ ఆర్పి, మళ్లీ వేసి, శ్రీవాణి చెంపలు నిమిరి మెటికలు విరిచింది. ఇరవై రెండేళ్లలో హన్మంతుకు ఒక్కసారీ మెటికలు విరవలేదు. 

“అన్న పుస్తకం లేకుంటే అయ్యేది కాదు పెద్దమ్మా” అంది శ్రీవాణి.

“మా హన్మంతు ఏదీ పారెయ్యడు బిడ్డా” అంది పద్మమ్మ, ఆయన వంక చూడకుండా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు హన్మంతు తల దించుకుని సంచి సర్దుకున్నాడు.

దసరా నాడు అందరికంటే ముందే పోయాడు. మగ్గం కడిగి, మామిడాకులు కట్టి ఉన్నాయి. మగ్గం పక్కన పళ్లెం, పళ్లెంలో నాడె, నాడెను ఆనుకుని పసుపు పిడి స్క్రూడ్రైవరు ఒకటి. ఎవరిదో అడగనక్కరలేదు, శ్రీవాణి బటను బిగించింది దాంతోనే. పద్మమ్మ లోపల కుంకుమ తడుపుతోంది. హన్మంతు అటూ ఇటూ చూశాడు. స్క్రూడ్రైవరును పళ్లెం అవతలి అంచుకు నెట్టి, ఆ చోట తన కటింగ్ ప్లేయర్ పెట్టాడు. నెట్టినందుకు సిగ్గేసింది, అయినా తనది తియ్యలేదు.

పద్మమ్మ వచ్చి తన చోట కాళ్లు గుంటలోకి వేసి కూర్చుంది. వెంకటేశం, శ్రీవాణి వెనక నిలబడ్డారు. నాడెకు బొట్టు పెట్టింది. కటింగ్ ప్లేయర్‌కు పెట్టింది, ఎప్పటికంటే పెద్ద బొట్టు. తర్వాత కుంకుమ వేలు చాచింది. స్క్రూడ్రైవరు దాకా అందలేదు. మోకాలు వంచి ముందుకు జరగబోయి, బాధకు ఆగిపోయింది.

“తమ్మీ, అందుతలేదు” అంది. “జర ఇటు జరుపు.”

హన్మంతు వంగి, తన చేత్తోనే స్క్రూడ్రైవరు తీసి తన కటింగ్ ప్లేయర్ పక్కన పెట్టాడు. ఆమె బొట్టు పెట్టేదాకా పళ్లెం కదలకుండా పట్టుకున్నాడు.