నక్కపల్లి పెళ్ళిలో మా పావుగంట

మా ఊళ్ళో జాజ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళు లేరు. మాకూ పెద్దగా తెలియదు. అయినా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో ఒక జాజ్ గ్రూపు ఉండేది. అందులో నేనొకణ్ణి.

నేను చర్చిలో కీబోర్డు వాయించేవాణ్ణి. ఆదివారం కీర్తనల మధ్య నాకు తోచిన స్వరాలు కలుపుతుంటే, దేవుడికి పాతవే ఇష్టమని పాస్టరుగారు నెమ్మదిగా చెప్పారు. రెండోవాడు నా స్నేహితుడు, సన్నాయి మేళం పెద్దాయన కొడుకు. తండ్రి సన్నాయి ఊదుతుంటే పక్కన కూర్చుని శాక్సాఫోను ఊదేవాడు. అది ఉంటే పెళ్ళిళ్ళలో గిరాకీ బాగుంటుందని పెద్దాయనే కొన్నాడు కాబట్టి, కొడుకు చేతిలో ఉన్నా అది మేళం సొత్తు. మూడోవాడు రాంబిల్లి దగ్గర చేపల వేటకెళ్ళే కుటుంబంవాడు. పడవెక్కితే వాంతులు. అందుకని ఇంట్లోవాళ్ళు తీసుకొచ్చి పెద్దాయన దగ్గర డోలు నేర్చుకోవడానికి పెట్టారు. వాడి తాళం ఎప్పుడూ సమానంగా ఉండేది కాదు. అదేమని అడిగితే, కెరటాలు సమానంగా వస్తాయా అని ఎదురడిగేవాడు.

వాడి మేనమామ ఓడలో పనిచేసి వస్తూ ఒక కేసెట్టు తెచ్చాడు. దాని మీద పేరూ ఊరూ ఏమీ లేవు. మొదటిసారి విన్నప్పుడు టేపు చుట్టుకుపోయిందనుకుని, బయటికి తీసి పెన్సిలుతో తిప్పి మళ్ళీ పెట్టాం. మళ్ళీ అదే వచ్చింది. వాళ్ళు కావాలనే అలా వాయిస్తున్నారని అప్పుడు తెలిసింది. అందరూ కలిసి బయల్దేరి, తలో దారీ పట్టి, ఎక్కడో కలుస్తున్నారు. కలవకపోయినా ఎవరూ దెబ్బలాడుకోవడం లేదు. నాలాంటి తిక్కవాళ్ళు ఎక్కడో ఉన్నారని తెలిసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సీజను కాని నెలల్లో ఒక బెల్లం గోదాము ఖాళీగా ఉండేది. అక్కడ సాధన చేసేవాళ్ళం. డోలుతోపాటు, వాళ్ళమ్మ చేపలమ్మే సత్తు గిన్నె కూడా వాయించేవాడు మూడోవాడు. మా శ్రోతలు ఈగలు, కాపలా మనిషి. తగువులుంటే బయట తేల్చుకోమని కాపలా మనిషి మమ్మల్ని రెండుసార్లు గెంటాడు. ఈగలు మాత్రం చివరిదాకా ఉండేవి.

ఒకరోజు పెద్దాయన వచ్చి గుమ్మంలో నిలబడి విన్నాడు. చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు. ఇంటికెళ్ళాక కొడుకుతో, ఈ రోగం పెళ్ళిలోకి వచ్చిన రోజున శాక్సాఫోను తీసి మీ చిన్నాన్న కొడుక్కి ఇచ్చేస్తానన్నాడు. ఆయన మాటంటే మాటే. నా స్నేహితుడికి శాక్సాఫోను తప్ప వేరే లోకం లేదు. అది పోతే వాడు ఏమైపోతాడో అని నాకు నిజంగా భయం వేసింది.

ఆ తరవాత కొన్నాళ్ళకే నక్కపల్లిలో పెళ్ళి. మేళంలో శ్రుతిపెట్టె చూసే మనిషి రాలేదు, నన్ను రమ్మన్నారు. మీట నొక్కి కూర్చోవడమే పని. అదైనా సరిగ్గా చేస్తానన్న నమ్మకం పెద్దాయన మొహంలో కనిపించలేదు.

ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది. అడ్డుతెరకు ఇటు పెళ్ళికొడుకు, అటు పెళ్ళికూతురు, ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం. పంతులుగారు మంత్రాలు చదువుతున్నారు. పెద్దాయన సన్నాయి పక్కన పెట్టి, మెల్లగా ఏదో ఒకటి ఊదుతూ ఉండమని కొడుక్కి సైగ చేసి మంచినీళ్ళకు లేచాడు. వాడు మెల్లగానే మొదలుపెట్టాడు. ఎవరూ వినడం లేదు. ఎవరూ విననప్పుడే మా రోగం ముదురుతుంది. రాగంలోంచి కాలు జారాడు. డోలువాడు కళ్ళు మూసుకుని కెరటాల్లోకి దిగిపోయాడు. నేను శ్రుతిపెట్టెలో శ్రుతి మార్చే మీట అటూ ఇటూ తిప్పాను. శాక్సాఫోను పైపైకి వెళ్ళి ఒక్క కేక పెట్టింది.

మా లెక్కలో అది జాజ్. పెళ్ళివారి లెక్కలో గట్టిమేళం. ముహూర్తం వేళ తుమ్ములూ చెడ్డమాటలూ చెవిన పడకుండా వాద్యాలన్నీ ఒక్కసారిగా చెలరేగుతాయి కదా, అదనుకున్నారు. తెర పట్టుకున్నవాళ్ళు తెర వదిలేశారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టేశారు. అక్షింతలు పడ్డాయి. వెనకవాళ్ళు భోజనాలకు లేచారు. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి వాచీ చూసుకున్నారు.

పెళ్ళికూతురి తండ్రి మా వైపు తిరిగాడు. నా స్నేహితుడి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. శాక్సాఫోను నోట్లోంచి తియ్యబోయాడు. అప్పటికే పెద్దాయన పరిగెత్తుకొచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఆపకు. ఆపేవంటే తప్పని తెలిసిపోతాది. ముహూర్తం వచ్చీదాకా ఊదు."

పంతులుగారూ తక్కువవారు కాదు. ముహూర్తానికి చేతులు నెత్తిమీద ఉంటే చాలని తేల్చి, తియ్యవద్దని జంటకు చెప్పారు. పాపం, వాళ్ళు తియ్యలేదు. పెద్దాయన సన్నాయి అందుకుని మమ్మల్ని దారికి లాగాలని చూశాడు. కానీ పావుగంట గట్టిమేళం ఈ భూమ్మీద ఎవరూ వాయించలేదు. కాసేపటికే ఆయనకు తెలిసినవన్నీ అయిపోయాయి. ఇక గత్యంతరం లేక మా దారికి వచ్చాడు. సన్నాయి అరిచింది, శాక్సాఫోను బదులు చెప్పింది. తండ్రీకొడుకులు ఎదురెదురుగా తిరిగారు. పెళ్ళికొడుకు చెవి మీదుగా బెల్లం కారుతోంది. అంత సంతోషం నాకు మళ్ళీ ఎన్నడూ కలగలేదు.

పంతులుగారు చెయ్యెత్తగానే నలుగురం ఒక్కసారి ఆపాం. పెళ్ళి జరిగింది. భోజనాల్లో మాతో ఎవరూ మాట్లాడలేదు.

తిరుగు బస్సులో పెద్దాయన కొడుకు ఒళ్ళోంచి శాక్సాఫోను పెట్టె తీసుకున్నాడు. వాడు కిటికీవైపు తిరిగాడు. "అయిపోనాది బావా," అన్నాడు డోలువాడు నా చెవిలో. నాకు పెద్దాయన మీద ఒళ్ళు మండిపోయింది. అందరిముందూ అలా వాయించి ఇప్పుడు ఇదేం మనిషి అనుకున్నాను.

ఎలమంచిలి దాటాక ఆయన పెట్టె తెరిచాడు. కొన్నప్పటినుంచీ ఆయన దాన్ని తాకినట్టు నాకు గుర్తులేదు. ఒళ్ళో పెట్టుకుని మీటలన్నీ చాలాసేపు చూశాడు.

"ఒరే, ఆ కేక ఏ ఏళ్ళమీద వచ్చింది? నాను సన్నాయి మీద ఎంత ఎతికినా దొరకలేదు. సూపించు."

నా స్నేహితుడు తండ్రి వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటే మీటలమీద పెట్టాడు.