గేర్‌బాక్స్ ఎడమవైపు బోల్టు

వెండెలిన్ షోమర్స్ ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి తలుపు లాగి చూసే మనిషి. “ఆ పిడి ఊడిందంటే దొంగల వల్ల కాదు, నీ వల్లే” అనేది భార్య హిల్‌ట్రూట్. ఆ కంగారే అతని గ్యారేజీకి మంచి పేరు తెచ్చింది. జర్మనీలో ఆడెనావ్ పక్కన కొండల్లో పాత రేసు రోడ్డు ఉంది. ఆదివారాలు అక్కడ సొంత కార్లు తోలుకునేవాళ్లు చాలామంది శనివారం అతని దగ్గర ఆగకుండా వెళ్లేవాళ్లు కాదు.

ఇరవై ఏడేళ్ల వయసులో, వేరే గ్యారేజీలో పని చేస్తున్నప్పుడు, అతను బిగించిన చక్రం ఒకటి ఊడి, వాలు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయి రొట్టెల దుకాణం గోడకు గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజు నుంచి, సరిపడా బిగిసిందని రెంచి ‘టిక్’ మనేదాకా బిగించిన ప్రతి బోల్టు మీదా పసుపు రంగుతో ఒక గీత గీయడం మొదలుపెట్టాడు. గీత ఉంటే పని పూర్తయినట్టు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ అలవాటు తప్పలేదు.

ఆ అక్టోబరులో ఇర్మ్‌ట్రాట్ పౌలీ తన వెండి రంగు స్పోర్ట్స్ కారు తీసుకొచ్చింది. ఆమె ఆ చుట్టుపక్కల ఊళ్లకు మంత్రసాని. బడిలో వెండెలిన్ కంటే మూడు తరగతులు పైన చదివింది. కారు ఆమె భర్తది. ఆయన పోయాక అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం హెల్మెట్ కొనుక్కుని ఆదివారాలు తనే తోలడం మొదలుపెట్టింది.

“మలుపు తిరిగి ముందుకు పోతుంటే, వెనకాల ఏదో ఇంకా తిరుగుతానే ఉందిరా వెండెల్,” అంది. “బిడ్డ అడ్డం తిరిగినట్టు.”

అతను కారు కింద దూరి చూశాడు. గేర్‌బాక్సును పట్టి ఉంచే రెండు రబ్బరు మౌంటింగులు మెత్తబడి, చీలికలు పట్టి ఉన్నాయి. ఆ కారుకు ఇంజనూ గేర్‌బాక్సూ వెనకే. మలుపులో ఆ బరువంతా ఒక పక్కకు ఊగి, ఒక్క క్షణం ఆలస్యంగా సర్దుకుంటోంది.

“గట్టి మౌంటింగులు వేస్తే ఊగదు. కానీ సీటు కింద తేనెపట్టు పెట్టుకున్నట్టు ఉంటుంది. మోతంతా లోపలికే వస్తుంది.”

“ఈ వయసులో కాస్త ఒళ్లు జలదరిస్తే మంచిదేలే. వెయ్యి.”

శనివారం మధ్యాహ్నం పాతవి తీసి కొత్తవి ఎక్కించాడు. కుడివైపు బోల్టు బిగించి గీత గీశాడు. ఎడమవైపుది చేత్తో తిప్పి కూర్చోబెట్టి రెంచి అందుకోబోతుండగా జేబులో ఫోన్ మోగింది. మైంట్స్ నుంచి కూతురు యుడిట్.

“నాన్నా, ఎక్కడున్నావ్?”

“కారు కింద.”

“అయితే బయటికి రా. తల కొట్టుకుంటావ్. నువ్వు తాతవి అవుతున్నావ్.”

బిడ్డ కోసం ఎదురుచూసిన ఎనిమిదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. వెండెలిన్ చమురు చేతులతోనే కళ్లు తుడుచుకుని, ముఖం నల్లగా చేసుకుని ఇంట్లోకి పరుగెత్తాడు. భార్యాభర్తలిద్దరూ వంటింట్లో నిలబడి ఏడ్చారు, నవ్వారు. అతను గ్యారేజీకి తిరిగి వచ్చేసరికి ఇర్మ్‌ట్రాట్ కారు కోసం వచ్చి నిలబడి ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల కిందట, మంచు పడుతున్న రోజున, ఈ ఇంటి మేడ మీదే యుడిట్‌ను భూమ్మీదికి తెచ్చింది ఆమే. విషయం వినగానే అతన్ని గట్టిగా కౌగిలించుకుంది. ఆ సంబరంలోనే అతను కారును ఎత్తి ఉంచిన లిఫ్టు దించి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

ఆదివారం పొద్దున పదింటికి హిల్‌ట్రూట్ కాఫీ పోస్తూ, “మళ్లీ చెప్పవయ్యా. అది ఫోన్ చేసినప్పుడు నువ్వేం చేస్తున్నావ్?” అని అడిగింది. అలా అడగడం అది నాలుగోసారి.

“చెప్పాగా, కింద ఉన్నాను. కుడివైపు అయిపోయింది. ఎడమవైపు బోల్టు చేత్తో తిప్పి పెట్టి...”

అక్కడ ఆగిపోయాడు. చేతిలోని రొట్టె మీద పండ్ల జామ్ సగమే పూసి ఉంది.

“ఏమైంది?”

“తరవాత బిగించానా?”

“నాకేం తెలుసు?”

కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకోబోయాడు. ‘టిక్’ మన్న చప్పుడు వినిపించింది. కానీ అది కుడివైపుదో, ఎడమవైపుదో, నిన్నటిదో, ముప్పై ఏళ్ల నుంచి వింటున్నదో తేలలేదు. ఇర్మ్‌ట్రాట్‌కు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. కారు తోలే రోజున ఆమె ఫోన్ ఇంట్లోనే వదిలేస్తుంది.

రెంచి, జాకీ వ్యానులో పడేసుకుని బయల్దేరాడు. చెప్పులు ఇంటివే. హిల్‌ట్రూట్ కోటు ఒక చేతికే తొడుక్కుని పక్క సీట్లోకి ఎక్కింది.

“మెల్లగా పోనీ. నువ్వు చెట్టుకు గుద్దితే ఆ బోల్టు ఎవరు బిగిస్తారు?”

సన్నగా వాన పడుతోంది. అడవి రోడ్డు మీద రాలిన ఆకులు నానిపోయి ఉన్నాయి. బోల్టు వదులైతే గేర్‌బాక్స్ ఒక పక్కకు జారుతుంది. పొడి రోడ్డు మీదైతే చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. తడి రోడ్డు మీద, కొండ దిగే మలుపులో, వెనక భాగం ఒక్కసారి తన్నిందంటే ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు.

గేటు దగ్గర నారింజరంగు కోటు వేసుకున్న అమ్మాయి కార్లను ఒక్కొక్కటిగా లోపలికి వదులుతోంది.

“వెండి రంగు కారు, రెండు తలుపులది. పెద్దావిడ తోలుతుంది. లోపలికి వెళ్లిందా?”

“ఇర్మ్‌ట్రాట్ గారా? ఇప్పుడే వెళ్లారు. ఐదు నిమిషాలైంది.”

“ఆపాలి.”

“ఎందుకండీ?”

వెనక ఇరవై మంది కార్లలో వరసగా ఆగి ఉన్నారు. వాళ్లలో సగం మంది కార్లు అతని చేతిలో పడ్డవే.

“నేను ఒక బోల్టు బిగించలేదనుకుంటా,” అన్నాడు. వాన చప్పుడులో ఆమెకు వినపడలేదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వరసలో ఒకాయన కారు అద్దం దించి తొంగిచూశాడు.

ఆ అమ్మాయి వెంటనే వైర్‌లెస్ అందుకుని, దారిలోని కాపలావాళ్లకు కారు నంబరు చెప్పింది. చెప్పడం పూర్తవకముందే అవతల్నుంచి మరో గొంతు అడ్డం వచ్చింది. వంతెన దాటాక వాలులో ఒక కారు రోడ్డు తప్పి కంచెను గుద్దింది. దారి మూసేస్తున్నారు.

“ఏ రంగు?” అన్నాడు వెండెలిన్.

“చెప్పలేదండీ. అడుగుతున్నా... పలకట్లేదు.”

ఒక చుట్టు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఇర్మ్‌ట్రాట్‌కు పన్నెండు నిమిషాలు పడుతుంది. లోపలున్న కార్లు ఒకటొకటే మెల్లగా బయటికి వస్తున్నాయి. ఎర్రది. తెల్లవి రెండు. నల్లది. పదిహేను నిమిషాలయ్యాయి. హిల్‌ట్రూట్ అతని చెయ్యి పట్టుకుంది. ఇరవై నిమిషాలయ్యాయి. వెండెలిన్ మనసులో యుడిట్‌కు ఏం చెప్పాలో మాటలు పేర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాడు.

అప్పుడు దీపం వెలిగించుకున్న కాపలా బండి వెనక, నడకంత వేగంతో, వెండి రంగు కారు వచ్చింది. ఇర్మ్‌ట్రాట్ అద్దం దించింది. ముఖం వెలిగిపోతోంది.

“ఒరే వెండెల్! చర్చి చెక్కబల్ల మీద కూర్చోబెట్టి దడదడలాడించినట్టుందిరా. వెన్నుపూస లెక్కపెట్టుకోవచ్చు. కానీ ఆ వెనక భాగం చూడూ, చెప్పినట్టు వింటోంది! పాపం ఆ నీలం కారాయన కంచెలో ఇరుక్కున్నాడు, నడుచుకుంటూనే బయటికొచ్చాడులే. నన్నెందుకు ఆపారు? ఏంటి, ఆ మొహం?”

వెండెలిన్ కారును పక్కకు పెట్టించి, జాకీతో ఎత్తి, తడి నేల మీద వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. ఎడమవైపు గీత లేదు. రెంచి తగిలించి తిప్పాడు. బోల్టు తిరిగింది. ఒక చుట్టు, ఇంకో సగం చుట్టు, ఆ తరవాత ‘టిక్’.

బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

“చేత్తో తిప్పి వదిలేశాను. నువ్వు ఇరవై కిలోమీటర్లు దాని మీదే వచ్చావ్. తప్పు నాదే.”

ఇర్మ్‌ట్రాట్ ముఖంలో వెలుగు ఆరిపోయింది. రోడ్డు గట్టు మీద కూర్చుంది. చేతి తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నేను పురుడు పోసి బయటికి రాబోయే ముందు ఒక్కటీ లోపల ఉండిపోలేదని గుడ్డముక్కలు రెండుసార్లు లెక్కపెడతాను,” అంది. “సంతోషంగా ఉన్న రోజు మూడుసార్లు. బిడ్డ పుట్టిన సంబరంలోనేరా మనిషి మర్చిపోయేది. నీకది తెలియాల్సింది.”

“అవును.”

“కోపం వస్తోంది నాకు. ఇప్పుడే తగ్గేట్టు లేదు.” లేచి నిలబడి కారు అవతలి తలుపు తెరిచింది. “దారి తెరిచాక ఇంకో చుట్టు వెళ్తాను. నువ్వు ఇటు కూర్చో.”

ఆ రోడ్డుకు ఇంత దగ్గర్లో పుట్టి పెరిగి కూడా వెండెలిన్ భయంతో దాని మీద ఎప్పుడూ ఒక్క చుట్టూ తిరగలేదు. భార్య వైపు చూశాడు. ఆమె అతని చేతిలోంచి రెంచి తీసుకుంది.

ఆ పన్నెండు నిమిషాలూ అతను తలుపు పిడి వదల్లేదు. సీటు కింద నుంచి మోత పళ్లల్లోకి ఎక్కింది. ప్రతి మలుపులో ఊపిరి బిగబట్టి, వెనక బరువు కదులుతుందా అని ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. కదల్లేదు. దిగాక కంచె పట్టుకుని వాంతి చేసుకున్నాడు. ఇర్మ్‌ట్రాట్ నీళ్ల సీసా ఇచ్చింది.

ఆమె ఇంకో గ్యారేజీకి మారుతుందేమోనని అతను నెలరోజులు నిద్రపోలేదు. నవంబరు చివర్లో శీతాకాలపు టైర్లు వేయించుకోవడానికి వచ్చింది. అంతకుముందులా కారు వదిలేసి కాఫీకి వెళ్లలేదు. లిఫ్టు పక్కనే నిలబడి, నాలుగు చక్రాలూ బిగించేదాకా అతని చేతుల్నే చూసింది. వెండెలిన్ ఒక స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చుంది.