చేపల సాసు గబ్బు

కరోనాకు ముందు మా సేటు బట్టల ఎగ్జిబిషన్ అని నన్ను బ్యాంకాక్ తీస్కపోయిండు. ఆయన సూరత్‌ నుంచి తెచ్చుకున్న థేప్లా రొట్టెలు తింటె, నేను రోడ్డు మీద బండి కాడ పచ్చి బొప్పాయి సలాడ్ తిన్న. దాంట్ల పోసే చేపల సాసు అచ్చం మా అమ్మ వేయించే ఎండుచేపల వాసనే. ఒక సీసా సూరత్‌కు తెచ్చుకున్న గని, ఈడ మా బిల్డింగుల అందరు శాకాహారులాయె. భయానికి మూతనే తియ్యలే.

నిన్నటిసంది ఒళ్లు నొప్పులు. నోటికి పుల్లగ, కారంగ ఏమన్న తినబుద్ధయి ఇయ్యాల బొప్పాయి తురిమిన. నా భార్య, బిడ్డ డాబా మీద బట్టలు ఆరేస్తున్నరు. కిటికీలు మూసి సాసు పోసిన. వాసనే లేదు. పాతదాయె అనుకొని ఇంకింత పోసిన.

అంతల ఎదురింటి గుజరాతీ బెన్ తలుపు కొట్టింది. మాస్కు మీదికెళ్లి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"భాయ్, మీ ఇంట్ల ఏం చచ్చింది? గీ గబ్బుల ఎట్ల ఉంటున్నరు?" అని హిందీల అడిగింది.

"గబ్బా? నాకేం వస్తలేదు కద బెన్!"

ఆమె తిట్టలే. నా మొకం చూసుకుంటనే వెనుకకు జరిగి, వాళ్లింట్లకు పొయ్యి గొళ్లెం పెట్టుకున్నది.

ఉరికిపొయ్యి సీసా ముక్కుకు ఆనించి పీల్చిన. నీళ్లు పీల్చినట్టే ఉన్నది.

ఇప్పుడు లోపలి అర్రల తలుపేసుకొని ఇది రాస్తున్న. బయట నా బిడ్డ ఒక్కతీరుగ లొల్లి పెడ్తున్నది: "డాడీ, గీ గబ్బు ఎప్పుడు పోతది?"

పోవద్దు బిడ్డా, నీకు వస్తనే ఉండాలె.

మీ ఇంట్ల ఇయ్యాల ఏం వాసనొస్తున్నదో జర చెప్పున్రి.