ఆయుధ పూజలో పెట్టిన పెట్టె

నాకు పక్షవాతం ఎందుకు వచ్చిందో డాక్టర్‌కు తెలియలేదు. మా బజారులో మాత్రం అందరికీ తెలుసు. చేతికి కాస్త పట్టు వచ్చి, కేజీఎఫ్‌లోని మా బియ్యం అంగట్లో నేను మళ్లీ కూర్చున్న రోజే ఎదురు బట్టల అంగడాయన వచ్చాడు. "ఆవని కొండెక్కినావు కదా, ఆ గాలి తగిలుండాది" అన్నాడు. బెల్లం మండీ ఆయన రాత్రిపూట పెరుగు తిన్నందుకే అన్నాడు. కాసేపు వాదించుకుని ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. "అదంతా యాడిదిలేప్పా, ఇంట్లో ఆమె పోయిన దిగులు. అదే కొట్టింది."

నా భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్లు ఆమె నాకు బీపీ మాత్ర గుర్తు చేయని పూట లేదు. పోయాక ఆమే నన్ను పడగొట్టిందని జనం అనడం నాకు నచ్చలేదు. అసలు కారణం తెలియాలని నేను కోరుకున్నది ముందు అందుకే.

డాక్టర్ తొందర వేరు. గుండె అప్పుడప్పుడు లయ తప్పితే అందులో రక్తం గడ్డకట్టి మెదడుకు పోవచ్చు. అదే కారణమైతే మందు మార్చాలి, లేకుంటే పక్షవాతం మళ్లీ రావచ్చు. కానీ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ నా గుండె బుద్ధిగా కొట్టుకుంది. అందుకని ఎడమ రొమ్ము మీద, చర్మం కింద, అగ్గిపుల్ల కంటే పొట్టిదైన పరికరం ఒకటి పెట్టారు. అది నెలల తరబడి గుండెను కనిపెట్టుకుని ఉంటుంది. మంచం పక్కన పెట్టుకోవడానికి చిన్న పెట్టె కూడా ఇచ్చారు. నేను నిద్రపోతుంటే అది లోపలి సంగతులు అందుకుని ఆస్పత్రికి పంపుతుంది.

నన్ను చూసుకోవడానికి తమక అనే ఊరి నుంచి మా అక్క వచ్చింది. దిగులే కొట్టిందని ఆమె కూడా నమ్మింది. పెట్టె అంటే ఆమెకు భయభక్తులు. దాని ముందు నన్ను తిట్టేది కాదు, వంటింట్లోకి పిలిచి తిట్టేది.

ఆయుధ పూజ వచ్చింది. మా వ్యాపారస్తుల ఇళ్లలో ఆ రోజు తక్కెడ, తూకం మిషన్, స్కూటర్ అన్నీ తుడిచి, కుంకుమ పెట్టి, వాటికి ఏ పనీ చెప్పం. అది ఎప్పుడూ నా భార్య చేసే పని. పోయినసారి మాకు పండగ లేదు. ఈసారి అక్క చేసింది. నేను చూస్తుండగానే పెట్టె ప్లగ్ పీకి, కుంకుమ పెట్టి, తూకం మిషన్ పక్కన కూర్చోబెట్టి చేమంతులు కప్పింది.

"అక్కా, దాన్ని ఆపకూడదు."

"ఒక దినం రెస్ట్ తీసుకోనీరా. నీ గుండెకు కాపలా కాసి కాసి అలిసిపోయుండాది."

దశమి పొద్దున గిరాకీలు వచ్చారు కాబట్టి తూకం మిషన్ తీశాం. పెట్టె కావాలని వచ్చిన గిరాకీ ఎవరూ లేరు. పూలు వాడి ఎండేదాకా అది అక్కడే ఉండిపోయింది.

ఆస్పత్రి నుంచి నర్సమ్మ ఫోన్ చేస్తే అక్క ఎత్తింది.

"మీ పెట్టె నుంచి ఏమీ వస్తా లేదమ్మా. ఊరికేమన్నా పోయినారా?"

"లేదమ్మా, పూజలో పెట్టినాము."

"మేమూ ఈసీజీ మిషన్‌కు పూజ చేసినాము. ప్లగ్ అయితే పీకలేదమ్మా."

"అదేం పూజ?" అంది అక్క.

అంటూనే వెళ్లి ప్లగ్ పెట్టింది. నా ఛాతీలో ఉన్నది మాత్రం పండగ చేసుకోలేదు. దాచుకున్నదంతా పెట్టెకు అప్పగించింది. ఆస్పత్రి వాళ్లు పిలిపించారు.

గుండె లయ తప్పుతోంది. నాకు తెలియకుండానే, చాలాసార్లు. రక్తం గడ్డకట్టకుండా కొత్త మాత్ర రాశారు.

"భార్య పోయిన దిగులు వల్లనా?" అని అడిగాను.

డాక్టర్ కాగితాలు మళ్లీ చూశారు. "అలా అని నేను చెప్పలేను. మీ వయసు, ఏళ్ల నుంచి ఉన్న బీపీ. అవే చాలు."

అక్క పక్కనే కూర్చుని వింది.

మర్నాడు బెల్లం మండీ ఆయన అంగట్లోకి వచ్చి, "ఏమన్నారప్పా? దిగులే కదా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా లోపలి నుంచి అక్క గొంతు వచ్చింది.

"బీపీ అంటన్నా! మా మరదలిని ఇంగ ఎవురూ ఏమీ అనొద్దండి. ఆయమ్మి ఉన్నన్నాళ్లు వీడు మాత్రలు టయానికి మింగినాడు."