నిల్లు అంటే నిలబడేది

మా కుక్కను డాగ్ షోకు తయారు చేసిన ఆ ఆరు నెలల గురించి ఎవరైనా అడిగితే నేను మాట మార్చేస్తాను. ఇప్పుడు రాస్తున్నది కూడా ధైర్యం వచ్చి కాదు. నేను నోరు మూసుకుని ఉండటం వల్ల తప్పంతా నాయనదే అనుకుంటున్నారు అందరూ. అది భరించలేక రాస్తున్నాను.

అది ముధోల్ జాతి వేటకుక్క. సన్నటి ముఖం, లోపలికి పోయిన పొట్ట, పొడుగు కాళ్లు, ఎండుగడ్డి రంగు. దానికో పేరుంది. ఆ పేరు పెట్టి పిలిచే అర్హత పోగొట్టుకున్నాను కాబట్టి ఇక్కడ రాయను. మడకశిర దాటి కాస్త ముందుకు పోతే కన్నడ ఊళ్లు మొదలవుతాయి. అక్కడ ఈ జాతి కుక్కల్ని పెంచే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. నాయన గొర్రెలు మేపే రోజుల్లో ఎరువు కోసం ఆయన పొలంలో మంద ఆపేవాడు. ఆ పరిచయంతో పిల్లను ఊరికే ఇచ్చాడు. అప్పటికి మా గొర్రెలు లేవు. రెండేళ్లు వరుసగా వానల్లేక, మేత దొరక్క నాయన మందను తెగనమ్మేశాడు. కాయడానికి ఏమీ లేని ఇంటికి కుక్క వచ్చింది.

మంద పోయాక నాయన అరుగు మీద కూర్చుని మాట్లాడటం మానేశాడు. అన్నం తినమంటే తినేవాడు, లేవమంటే లేచేవాడు. ఆయన్ని మళ్లీ మనిషిని చేసింది ఆ కుక్కే. పొలం నుంచి వచ్చాక దాని పాదాలు ఒళ్లో పెట్టుకుని పల్లేరు ముళ్లు ఏరేవాడు. ఆముదం పట్టించి కాళ్లు పిసికేవాడు. దానితో మాట్లాడీ మాట్లాడీ మాతో కూడా మాట్లాడటం మొదలుపెట్టాడు.

కుక్కకు ఏడాది నిండినప్పుడు పెద్దాయన చూడటానికి వచ్చాడు. దాన్ని వీధిలో అటూ ఇటూ నడిపించి చూసి, "ఏమ్మా, దీని నడక చూసినావా? బెంగళూరు షోకు తీసుకపో. ఇట్లాంటిది ఊరికే పుట్టదు" అన్నాడు నాతో.

షో అంటే పరుగు పందెం కాదు. కుక్కల సంగతి బాగా తెలిసినవాడొకడు న్యాయనిర్ణేతగా ఉంటాడు. కుక్క నడక చూస్తాడు, దాన్ని నిలబెట్టి పళ్లు చూస్తాడు, భుజం నుంచి తోక దాకా చేత్తో తడిమి చూస్తాడు. ఆ జాతి కుక్క ఎలా ఉండాలో అలా ఉందో లేదో చెబుతాడు. ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది. మా ఇంట్లో పెరిగిందేదీ ఎవరి కంటికీ ఆనలేదు. శెనక్కాయలు మండీకి వేసుకుపోతే గింజ పొల్లు అంటారు. గొర్రెను సంతకు తోలితే బొక్కలే ఉన్నాయంటారు. నేను డిగ్రీ చదివి ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంటే, గవర్నమెంటు ఉద్యోగం రాలేదా అంటారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తెలిసినవాడు మా ఇంటి ప్రాణి మీద చెయ్యి వేసి బాగుంది అనాలి. నాయన పక్కనుండి అది వినాలి. నాకు కావలసింది అంతే. బహుమతి గురించి నేను ఆలోచించలేదంటే మీరు నమ్మాలి.

మరుసటి రోజు నుంచే మొదలుపెట్టాను. తెల్లారీ తెల్లారకముందే మోపెడ్ మీద నేను, పక్కన తాడుతో అది. పరుగూ కాదు, నడకా కాదు, మధ్యరకం వేగం. ఆ వేగంలో పోతేనే తొడలూ నడుమూ గట్టిపడతాయని పెద్దాయన చెప్పాడు. మొదట రెండు కిలోమీటర్లు, నెల తర్వాత నాలుగు. ఒకరోజు మట్టిబాట మీద దూరం, ఒకరోజు ఎండిన వంక ఇసుకలో నడక, ఒకరోజు గుట్ట ఎక్కి దిగడం. వారానికి ఒకరోజు మాత్రం కాలు కదపకూడదు. "ఆ ఒక్క దినమే కండ పట్టేది. మిగిలిన దినాలన్నీ కండ కరిగేటివే" అన్నాడాయన. నేను తల ఊపాను.

ఆయన ఒకసారి ఫోన్లో, "ఈత కొట్టించమ్మా. ఈతకు మించింది లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఈడ తాగేకే ట్యాంకరు రావల్ల సామీ. ఈత యాడ కొట్టించేది?" అన్నాను.

ఆయన నవ్వి, "అయితే ఇసకలోనే నడిపియ్యి పో" అన్నాడు.

ఊరు ఊరంతా నవ్వింది. ఈ జాతి కుక్కకు పక్కటెముకలు లీలగా కనబడాలి, అదే దాని అందం. మా వీధివాళ్లకు అది కడుపు మాడినట్టు కనబడింది. "ఏమ్మా, కుక్కకు కూడు పెట్టరా మీ ఇంట్లో?" అనేవాళ్లు. ఎదురింటి ఆయన మరీ, "పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లుండాది మీ యవ్వారం. బెంగళూరోళ్ల షోకులు మనకేల?" అన్నాడు. అమ్మ మాత్రం గొణుగుతూనే రాగిసంగటిలో గుడ్డు కలిపి పెట్టేది. "నా పురిటికి గూడా ఎవరూ ఇన్ని గుడ్లు పెట్టలేదు" అనేది.

సాయంత్రాలు నిలబెట్టడం నేర్పేదాన్ని. పెద్దాయన దానికి పిల్లప్పుడే ఒక కన్నడ మాట అలవాటు చేశాడు, 'నిల్లు' అని, అంటే నిలబడు అని. ఆ మాట వినగానే నాలుగు కాళ్లూ సమంగా పెట్టి, మెడ ఎత్తి నా కళ్లలోకి చూడాలి. కొత్తవాళ్లు తడిమినా కదలకూడదు. అందుకని ఇంటికి ఎవరొచ్చినా వదిలేదాన్ని కాదు. పాలు పోసే ఆమె, కరెంటు బిల్లు ఇచ్చే ఆయన, అందరిచేతా దాని భుజాలూ తొడలూ తడిమించేదాన్ని. అయిపోయాక ఎండబెట్టిన కార్జం ముక్క ఒకటి పెట్టేదాన్ని. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, మొక్కగా ఉన్నప్పుడే వంచాను. మూడు నెలలకు, పక్కన లారీ హారన్ కొట్టినా చెవి కూడా ఆడించేది కాదు. నా ముఖం మీంచి చూపు తిప్పేది కాదు. బళ్లో నలభై మంది పిల్లలు నా మాట వినరు. ఇది వినేది. ఆ గర్వం నాకు బాగా తలకెక్కింది.

ఇక నేను చేసిన మొదటి తప్పు. షోకు నెలన్నర ఉందనగా విశ్రాంతి రోజు ఎత్తేశాను. ఎవరూ చెప్పలేదు, నేనే ఎత్తేశాను. తొడ ఇంకాస్త నిండాలి, నడుము ఇంకాస్త బిగియాలి అనిపించింది. నాలుగు కిలోమీటర్లు ఏడయ్యాయి. మట్టిబాట చాలక తారు రోడ్డు ఎక్కించాను. అది ఒక్కరోజు కూడా మొరాయించలేదు. మొరాయించి ఉంటే బాగుండేది.

షోకు పద్దెనిమిది రోజులుందనగా ఒక పొద్దున వెనక ఎడమకాలు నేల మీద ఆనించకుండా నడిచింది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. తొడ కండరం దెబ్బతిన్నదన్నాడు. మాత్రలు రాసిచ్చాడు. నెల రోజులు కదిలించొద్దన్నాడు. షో ఉందని చెప్పాను. "వచ్చే ఏడాది పో. కుక్క యాడికీ పోదు కదమ్మా" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమైన మాట. ఇంటికి వచ్చేదాకా ఆయన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

నాయన కుక్క తొడ మీద చెయ్యి వేసి చాలాసేపు చూశాడు. "వాత పెడదాం" అన్నాడు.

మా వైపు గొర్రె కుంటినా, ఎద్దు మెడ వాచినా, పసిబిడ్డకు కడుపు ఉబ్బినా వాతే మందు. ఇనుము ఎర్రగా కాల్చి నొప్పి ఉన్నచోట గీత పెడతారు. నా కడుపు మీద కూడా చిన్నప్పటి వాత మచ్చ ఉంది. నేను బతికాను కాబట్టి వాత పనిచేస్తుందని నాయన నమ్మకం.

"డాక్టరు నెల అంటాడు. వాత పెడితే వారానికి నడుస్తాది. ఎన్ని గొర్రెల్ని లేపలేదు నేను?" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, "నీకు ఇష్టం లేకుంటే వద్దులేమ్మా" అని కూడా అన్నాడు.

ఆ మాట ఎవరికీ తెలియదు. ఆయన వద్దులే అన్నాడు. బళ్లో సైన్సు చెప్పేదాన్ని నేను. వాతతో కండరం అతకదని నాకు తెలుసు. కానీ పద్దెనిమిది రోజులే ఉన్నాయి. వారానికి నడుస్తుంది అన్న మాట ఒక్కటే నా చెవికి ఎక్కింది. "పెట్టు నాయనా" అన్నాను.

మర్నాడు పొద్దున నీళ్లు కాగే పొయ్యిలో ఇనుపచువ్వ పెట్టాడు. గొర్రెకైతే నాలుగు కాళ్లూ కట్టి, పడేసి, మెడ మీద ఒకరు కూర్చుంటారు. నాయన తాడు తెచ్చాడు.

"కట్టద్దు నాయనా. కొట్టుకుంటే కాలికి ఇంకా దెబ్బ తగుల్తాది. నేను నిల్లు అంటే నిలబడ్తాది" అన్నాను.

"కాలే ఇనుముకు ఏ జీవం నిలబడ్తాదమ్మా?"

"ఇది నిలబడ్తాది. నువ్వే చూడు."

చూడు అన్నాను. నా విద్య ఆయనకు చూపించుకోవాలనిపించింది, అంతకంటే వేరే కారణం లేదు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని నిల్లు అన్నాను. కుంటుతున్న కాలును కూడా లాక్కొచ్చి నేలకు ఆనించింది. మెడ ఎత్తి నా కళ్లలోకి చూసింది. నాయన వెనక నుంచి వచ్చాడు.

వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. అది కదల్లేదు. ఒళ్లంతా వణికింది, కాళ్లు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి. అరవలేదు. నా ముఖం మీంచి చూపు తిప్పలేదు. నేను ఆపమనలేదు. నాయన రెండో గీత కూడా పెట్టాడు. దాని కాళ్ల మధ్య నుంచి ఉచ్చ కారి మట్టిలో ఇంకింది.

నాయన చువ్వ కింద పడేశాడు. "గొర్రె గూడా ఇట్ల నిలబడదు కదమ్మా" అని కళ్లు తుడుచుకున్నాడు. నేను అలవాటు కొద్దీ కార్జం ముక్క ఇచ్చాను. నోట్లోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, నా కాళ్ల దగ్గర వదిలేసింది.

పది రోజులకు కుంటు తగ్గింది. నాయన వాత వల్ల అన్నాడు, నేను మాత్రల వల్ల అన్నాను. కదలకుండా పడుకోవడం వల్ల తగ్గిందని ఇద్దరికీ తెలుసు. మిగిలిన రోజుల్లో మెల్లగా నడిపించాను. నిల్లు అన్న మాట మాత్రం మళ్లీ అనలేదు. అనాలంటే నోరు రాలేదు. షోలో అంటే చాలు, అలవాటైనదే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

బెంగళూరులో పెద్ద మైదానం, పచ్చగడ్డి, షామియానాలు. మా వంతు వచ్చింది. నాయన తాడు అవతల నిలబడ్డాడు. నేను కుక్కతో గుండ్రంగా నడిచాను. అది నడుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపి చూశారు. ఆ అరనిమిషం నేను పడ్డదంతా మర్చిపోయాను, దాన్ని పెట్టిన బాధ కూడా మర్చిపోయాను. నిజం చెబుతున్నాను, చాలా సంతోషంగా ఉన్నాను.

న్యాయనిర్ణేత దగ్గరికి రమ్మన్నాడు. వంగి, నిల్లు అన్నాను.

నిలబడింది. నాలుగు కాళ్లూ సమంగా, మెడ ఎత్తి, చూపు నా మీద పెట్టి, నేర్పినదాంట్లో వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడింది. ఆయన చెయ్యి ఇంకా దాని మీద పడకముందే ఒళ్లంతా వణకడం మొదలైంది. గడ్డి మీద ఉచ్చ పోసింది. కాళ్లు మాత్రం కదపలేదు.

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కకు వచ్చి, వంగి, తొడ మీద రెండు గీతలు చూశాడు. ఇంగ్లీషులో మెల్లగా ఏదో అన్నాడు. నాకు అర్థమైంది. అయినా ఆయన పక్కనున్న అమ్మాయి తెలుగులో చెప్పింది.

"కుక్క చాలా బాగుందట మేడమ్. దీనికి ఏం చేశారు అని అడుగుతున్నారు."

నేను కుక్కను తీసుకుని తాడు అవతలికి వచ్చేశాను. బాగుంది అన్నాడని నాయనకు చెప్పాను. రెండో మాట చెప్పలేదు. నాయన కూడా అడగలేదు, అంతా చూశాడు కదా. ఊళ్లోవాళ్లు తొడ మీది మచ్చలు చూసి, మొరటు ముసలాయన కుక్కను చెడగొట్టాడన్నారు. నాయన ఎవరికీ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడది బాగా తింటుంది, కుంటదు. కాల్చిన చెయ్యి నాయనది. అయినా అది రోజంతా వాకిట్లో ఆయన మంచం కిందే పడుకుంటుంది, ఆయన చెయ్యి వేస్తే తోక ఆడిస్తుంది. వెనక ఎవరున్నారో అది చూడలేదు. దానికి కనబడింది నా ముఖం, వినబడింది నా గొంతు. నేను వాకిట్లోకి వచ్చి ఎవరితోనైనా మాట్లాడితే చాలు, అది లేచి చెవులు వెనక్కి పెట్టుకుని దొడ్డివైపు వెళ్లిపోతుంది. ఎండలో నిలబడి, నా మాట ఆగేదాకా రాదు. అందుకే అది వాకిట్లో ఉన్నంతసేపూ నేను ఇంట్లో సైగలతో సరిపెట్టుకుంటున్నాను. అమ్మకు ఏదైనా చెప్పాలంటే పక్కకు పోయి చెవిలో చెబుతాను.