జోన్ మారిన ఏడు

యూనివర్సిటీ పోటీల్లో మా కాలేజీ ఖమ్మం జోన్‌లో ఉన్నంతకాలం కబడ్డీలో సెమీఫైనల్ దాకా వెళ్లి ఓడిపోవడం మాకు ఆనవాయితీ. ఓడించేవాళ్లు కూడా ఎప్పుడూ వాళ్లే, మధిర వైపు కాలేజీ వాళ్లు. పాలూ పెరుగూ బాగా దిగిన ఒళ్లు. మేం పట్టుకుంటే దులుపుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఇల్లందు పక్కన మాది చిన్న ప్రైవేటు కాలేజీ. ప్రిన్సిపాల్ గారికి తన గదిలోని అద్దాల బీరువా ఖాళీగా ఉండటం మహా నామోషీ. అడ్మిషన్ల కోసం వచ్చేవాళ్లు ముందు దాన్నే చూస్తారని ఆయన నమ్మకం. నేను ఫైనలియర్‌లో కెప్టెన్‌నయిన ఏడు ఆయనకొక ఉపాయం తట్టింది. మన ఊరు అటూ ఇటూ కాని సరిహద్దులో ఉంది కాబట్టి భద్రాచలం జోన్‌కు మారిపోదాం అన్నారు.

"ఆడ అన్నీ ఏజెన్సీ కాలేజీలే. ఆ పోరగాండ్లకు బూట్లు గూడ ఉండవు. షీల్డు మనదే పో!"

జోన్ మారాలంటే ఆటగాళ్లందరి సంతకాలు కావాలి. ఒకడు లేడు. మా జట్టుకు ప్రాణం వాడే, కూతకెళితే ఇద్దర్నీ ముగ్గుర్నీ తాకి వచ్చే కోయ కుర్రాడు. భూమి పండుగకని గూడేనికి వెళ్లాడు. ఖమ్మం సెలెక్టర్లు క్రితం ఏడు వాణ్ని స్టాండ్‌బైగా పెట్టి, ఈసారి జోన్ జట్టులోకి తప్పకుండా తీసుకుంటామన్నారు. ఆ జట్టుకు ఆడిన సర్టిఫికెట్ ఉంటే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా. వాడి ఆశంతా ఆ కాగితం మీదే. వాడికీ ఇదే చివరి ఏడు.

"వాడొచ్చినంక అడుగుదాం సార్" అన్నాను, ఏదో అనాలి కనుక.

"వాళ్లోళ్ల దగ్గరికే గదరా పోతున్నం. చుట్టాలింటికి పోయినట్టుంటది వానికి!"

అందరం నవ్వాం. నేను ఇంకాస్త గట్టిగా నవ్వి, వాడి సంతకం నేనే గీకేశాను. షీల్డు పట్టుకుని ఫొటో దిగాలని నాకూ యావ. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అయినా నిజం.

పండుగ నుంచి వచ్చి సంగతి విన్నాడు. "మావోళ్ల ఆట మీరెప్పుడన్న చూసిండ్రా?" అన్నాడు. అంతే. అప్పటికే కాగితం యూనివర్సిటీకి వెళ్లిపోయింది.

కొత్త బూట్లతో భద్రాచలంలో దిగాం. గోదావరి ఒడ్డున ఇసుకనేల మీద కోర్టు. అవతలి జట్టు హాస్టల్ పిల్లలు, అందరివీ వట్టి కాళ్లే. చిన్నప్పటి నుంచీ ఒకే హాస్టల్లో కలిసి ఆడినవాళ్లు. కనుసైగ చాలు, నలుగురూ గొలుసు కట్టేస్తున్నారు. మా బూట్లు ఇసుకలో జారుతున్నాయి. మావాడొక్కడే బూట్లు విప్పి పారేసి ఆడాడు. వాడు తెచ్చిన పాయింట్లన్నీ మేం శ్రద్ధగా తిరిగి ఇచ్చేశాం. మొదటి రౌండ్‌లోనే ఇంటిముఖం. ఆ జోన్ జట్టును ఎంపిక చేసే సెలెక్టర్లు మర్నాడు గానీ రారట.

తిరుగు బస్సులో మా పీడీ సార్ సెల్లు మోగింది. మధిర వైపు కాలేజీ కూడా షీల్డుల కోసమే ఖమ్మం జోన్ వదిలి ఇంకెక్కడికో మారిందట. ఆయన నవ్వలేదు, మేమూ నవ్వలేదు.

మావాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. వెళ్లి పక్కన కూలబడ్డాను.

"తప్పయిందిరా."

"నన్నొక్క మాట అడగకపోతివి."

"అడిగితే వద్దంటవని అడగలే."

"అవ్" అన్నాడు నా వైపు తిరిగి. "గందుకే అడగాలె."