దంతె కొసన తారు

టైరు పేలి బస్సు దారి పక్కన కూలబడింది. అందరూ డ్రైవరును తిట్టే పనిలో ఉంటే, నా పక్క సీటాయన దిగి, గోనెసంచిలోంచి బాడిస తీసి రాయి మీద నూరడం మొదలుపెట్టాడు. అరవై దాటిన వడ్రంగి.

"దంతెలు చెక్కడానికా?" అన్నాను. నిఘంటువులు తిరగేసే జబ్బు నాది; దొరికిన పాత మాట ఎక్కడో ఒకచోట వాడెయ్యకపోతే నిద్ర పట్టదు.

"దంతె అంటే ఏంటో తెలుసా మీకు?" అన్నాడు.

"దూలాల మీద అడ్డంగా పరిచే కర్ర. దాని మీద చెక్కలు కొడితే కప్పు."

"ఒక కొస గోడలో దాక్కుంటుంది. అది రాశారా మీ పుస్తకంలో?"

రాయలేదు.

వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉందట. దంతెలు పరిచినవాడు కింద నిలబడాలి, ఇంకొకడు పైకెక్కి వాటి మీద దూకి గట్టిదనం చూడాలి. ఇరవై ఏళ్ళ కిందట ఒక గోదాములో వాళ్ళన్న పరిచాడు. షావుకారు ఇచ్చిన పాత కర్ర, కొసలకు తారు. నడుమ కొట్టి చూస్తే ఖంగుమంది. కొస కూడా గీకి చూద్దామంటే షావుకారు నవ్వాడు: "మోగుతోందిగా! ఇంకేం కావాలయ్యా, కచేరీయా?" అన్నదమ్ములూ నవ్వేసి ఊరుకున్నారు.

"'దూకరా, తిన్నది అరగాలి' అన్నాడు అన్న. దూకింది నేనే."

తారు కింద అంతా చెద. దంతె గోడలోంచి ఊడి, ఈయనతో సహా అన్న నెత్తిన పడింది. పుర్రె పగలడం తన అరికాళ్ళకు తెలిసిందన్నాడు. ఆ దంతె ముక్కతోనే షావుకారు మోకాళ్ళు విరగ్గొట్టాడు, పళ్ళు రాలగొట్టాడు. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. ఆరేళ్ళు జైలు.

"కసి తీరిందా?"

"చెయ్యి నొప్పెట్టింది. అన్న లేవలేదు."

కాసేపు నూరాడు.

"ఇవాళ మధ్యాహ్నం మా అన్న కొడుకు నిలబడతాడు. ఇద్దరు పిల్లల తండ్రి. అదే షావుకారు, కొత్త గోదాము. కొసలు గీకరా అని పొద్దున ఫోన్లో మొత్తుకున్నా. 'తారు పూసున్నాయి బాబాయ్, బాగా మోగుతున్నాయి' అంటాడు వెధవ."

"షావుకారు అడ్డొస్తే?"

బొటనవేలితో పదును చూసుకున్నాడు. రక్తం చిమ్మింది. తుడుచుకోలేదు.

"ముందు కొస గీకుతా."

ఆ 'ముందు' తరవాత ఏమిటో అడగలేక, ఎప్పుడో చదివిన ఒక రాజుగారి సభామండపం కూలిన కథ ఎత్తుకున్నాను. కథలో రాజు సింహాసనం దాకా వచ్చేసరికి నేను తల తిప్పి చూస్తే రాయి దగ్గర ఎవరూ లేరు. బస్సు ఇంకా జాకీ మీదే ఉంది. ఆయన బాడిస భుజాన వేసుకుని, ఎండలో, పెద్ద పెద్ద అంగలతో అప్పటికే వంపు దాటుతున్నాడు.